ముందు లోహం, ఆ తర్వాతే దేహం: రసవాదం తనకు తాను పెట్టుకున్న పరీక్ష

రసవాదం అనగానే పరుసవేది గుర్తొస్తుంది, వేమన బంగారం చేశాడన్న కథ గుర్తొస్తుంది. కథలన్నీ బంగారం దగ్గరే ఆగిపోతాయి. రసగ్రంథాలు అక్కడ ఆగవు. సుమారు 12వ శతాబ్దానికి చెందిన రసార్ణవంలో భైరవుడు దేవికి ఈ విద్య మూలసూత్రం చెబుతాడు: "యథా లోహే తథా దేహే". పాదరసం లోహంలో ఎలా పనిచేస్తుందో దేహంలోనూ అలాగే పనిచేస్తుందని అర్థం. ఆ వెంటనే ఒక ఆజ్ఞ వస్తుంది: "పూర్వం లోహే పరీక్షేత తతో దేహే ప్రయోజయేత్". ముందు లోహం మీద పరీక్షించు, ఆ తర్వాతే దేహంలో వాడు.

ఈ ఒక్క ఆజ్ఞను పట్టుకుని చదివితే రసవాదం వేరుగా కనిపిస్తుంది. రాగినో సీసాన్నో బంగారంగా మార్చడం ఇక్కడ గమ్యం కాదు, తయారైన రసం, అంటే పాదరసం, సిద్ధమైందా లేదా తేల్చే పరీక్ష. గమ్యం దేహం. ఈ సంప్రదాయం ఎంత గొప్పదో, ఎక్కడ దెబ్బతిన్నదో రెండూ ఈ ఆజ్ఞలోనే ఉన్నాయి.

దేహం ఎందుకు నిలవాలి

14వ శతాబ్దంలో మాధవాచార్యుడు రాసిన సర్వదర్శనసంగ్రహం చార్వాకం, బౌద్ధం, జైనం, సాంఖ్యం వంటి దర్శనాల సరసన రసేశ్వర దర్శనానికీ ఒక అధ్యాయం ఇచ్చింది. ఆ దర్శనం వాదన సూటిగా ఉంటుంది. మోక్షం చచ్చాక వచ్చేదైతే అది వచ్చిందని ఎవరు చూశారు? బతికుండగానే ముక్తి కావాలి. అందుకు జ్ఞానం కావాలి, జ్ఞానానికి అభ్యాసం కావాలి, అభ్యాసానికి చెడిపోని దేహం కావాలి. ఆ దేహాన్ని ఇచ్చేవి రెండే: రసం, వాయువు. అంటే పాదరసం, ప్రాణాయామం.

పాదరసం శివుడి తేజస్సు, అభ్రకం పార్వతిది. మూర్ఛపోయిన రసం రోగాలు పోగొడుతుంది, చచ్చిన రసం బతికిస్తుంది, కట్టుబడిన రసం ఆకాశగమనం ఇస్తుంది అంటుంది రసార్ణవం. వాయువుకూ అదే శ్లోకం వర్తిస్తుంది. యోగి ఊపిరిని కట్టడం, రసవాది పాదరసాన్ని కట్టడం ఒకే పనికి రెండు దారులు.

ఈ మాటల్ని వట్టి అలంకారాలుగా కొట్టిపారేయడం తప్పు. వాటికి ఖల్వంలో, అంటే నూరే రోట్లో, కంటికి కనిపించే అర్థం ఉంది. మూర్ఛితం అంటే తన చాంచల్యం, ద్రవరూపం కోల్పోయిన పాదరసం. గంధకంతో నూరినప్పుడు వచ్చే నల్లటి పొడి అలాంటిది. మృతం అంటే మెరుపు, జారుడు, బరువు పోయి భస్మమైనది. బద్ధం అంటే నిప్పు మీద పెట్టినా ఎగిరిపోకుండా నిలిచేది. పాదరసం 357 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది, గది వేడిమిలోనే కొద్దికొద్దిగా ఆవిరవుతుంది. అలాంటి పదార్థాన్ని నిప్పుకు నిలబెట్టడం ఏ కాలపు రసాయనజ్ఞుడికైనా కష్టమైన పనే.

ఆధ్యాత్మికం, ప్రయోగం వేర్వేరు గదుల్లో లేవనడానికి మంచి సాక్ష్యం రసరత్నసముచ్చయం అనే గ్రంథంలోని రసశాల వర్ణన. తూర్పున రసభైరవుడి ప్రతిష్ఠ. ఆగ్నేయంలో కొలుములు. దక్షిణాన రాతిపని, నైరుతిలో కోత పనిముట్లతో చేసే పని, పడమట కడుగుడు, వాయవ్యంలో ఆరబెట్టడం, ఉత్తరాన వేధ (రసంతో లోహాన్ని మార్చే పని), ఈశాన్యంలో తయారైన సరుకు భద్రం చేయడం. ఏ దిక్కుకు ఏ దేవత అధిపతో ఆ పని అక్కడ పెట్టారు: నిప్పు అగ్ని మూలన, నీళ్లు వరుణుడి దిక్కున, ఆరబెట్టడం వాయువు మూలన. అదే సమయంలో తడిపనీ నిప్పుపనీ దూరంగా ఉన్నాయి, తయారైన మందు రోలుకీ కొలిమికీ దగ్గర లేదు.

శ్రీశైలం ప్రసక్తి

రసగ్రంథాల భూగోళంలో శ్రీశైలానికి పెద్ద స్థానం ఉంది. నిత్యనాథ సిద్ధుడి రసరత్నాకరంలో ఆ కొండ చుట్టుపక్కల సిద్ధిస్థలాల వివరణ ఉంది. అలంపురం స్థలపురాణం రససిద్ధుడి చుట్టూనే తిరుగుతుంది. నాగార్జునుడి పేరు మాత్రం జాగ్రత్తగా వాడాలి. మాధ్యమిక బౌద్ధ తాత్వికుడు సుమారు 2వ శతాబ్దం వాడు. ఆయన పేరు మీద చెలామణీ అయ్యే రసగ్రంథాలు శతాబ్దాల తర్వాతివి. 7వ శతాబ్దంలో వచ్చిన హుయాన్‌త్సాంగ్ నాగార్జునుడు రాళ్లను బంగారం చేసి సాతవాహన రాజు విహార నిర్మాణానికి ఇచ్చాడన్న కథ రాసుకున్నాడు. 11వ శతాబ్దపు అల్‌బిరూనీ చెప్పే రసవాది నాగార్జునుడు సోమనాథం దగ్గరివాడు, తనకు సుమారు వందేళ్ల ముందువాడు. ఒకే పేరు కింద కనీసం ఇద్దరున్నారని ఒప్పుకోకపోతే రసవాద చరిత్ర మొత్తం కలగాపులగం అవుతుంది.

శుద్ధి: పద్దెనిమిది మెట్లలో మొదటి ఎనిమిది

పాదరసానికి 18 సంస్కారాలు. మొదటి ఎనిమిది, అంటే స్వేదనం, మర్దనం, మూర్ఛనం, ఉత్థాపనం, పాతనం, రోధనం, నియమనం, దీపనం, వైద్యానికి సరిపోతాయి. మిగతా పది లోహవేధకూ దేహసిద్ధికీ. ఈ ఎనిమిదిలో నిజమైన రసాయన పని ఎక్కడుందో చూడాలి.

స్వేదనంలో ఆవాలు, ఉప్పు, శొంఠి, మిరియాలు, పిప్పళ్లు, చిత్రమూలం, అల్లం, ముల్లంగి తీసుకుంటారు. ఒక్కొక్కటి పాదరసం బరువులో 16వ వంతు. వాటి ముద్దలో పాదరసం పెట్టి, గుడ్డలో మూటకట్టి, కుండలో కర్రకు వేలాడదీసి, కాంజికంలో, అంటే పులియబెట్టిన గంజిలో, మూడు రోజులు సన్నసెగ మీద ఉడికిస్తారు. దీన్నే దోలాయంత్రం అంటారు. మూట కుండ అడుగును తాకకూడదు. తాకితే అడుగువేడికి గుడ్డ మాడి పాదరసం జారిపోతుంది. మర్దనంలో బెల్లం, కాల్చిన ఉన్ని, ఉప్పు, ఇంటి మసి, ఇటుక పొడి, ఆవాలు, ఇవి కూడా తలా 16వ వంతు, కాంజికంతో మూడు రోజులు నూరుతారు. ఇటుక పొడి ఒరిపిడి ఇస్తుంది. పుల్లటి గంజి, ఉప్పు కలిసి పాదరసం మీద పేరుకున్న ఇతర లోహాల తుప్పును కరిగిస్తాయి. మసి మురికిని పట్టుకుంటుంది. పాదరసం మాత్రం అంత బలహీనమైన ఆమ్లానికి లొంగదు, కనుక మిగులుతుంది.

మూర్ఛనంలో కలబంద మలదోషాన్ని, త్రిఫల అగ్నిదోషాన్ని, చిత్రమూలం విషదోషాన్ని తీస్తాయంటారు. ఇక్కడ ఒకటి నిక్కచ్చిగా చెప్పాలి: పాదరసపు సహజ విషాన్ని ఏ మూలికా తీయలేదు, ఎందుకంటే అది మలినం కాదు, ఆ మూలకం స్వభావం. గ్రంథకర్తలు పట్టుకున్న వేరే దోషం మాత్రం నూటికి నూరుపాళ్లు నిజం. నాగం, వంగం అని రెండు యౌగిక దోషాలు చెప్పారు, సీసం, తగరం. బజారు పాదరసంలో వర్తకులు కలిపే కల్తీ ఇదే, ఎందుకంటే రెండూ పాదరసంలో తేలిగ్గా కరుగుతాయి. భారతదేశంలో చెప్పుకోదగ్గ పాదరస గనులు లేవు. సరుకంతా దూరం నుంచి, చేతులు మారుతూ వచ్చేది.

ఆ కల్తీకి మందు పాతనం. పాదరసాన్ని రాగితో నూరి ముద్ద చేసి, రెండు కుండల మూతులు కలిపి చీలమన్నుతో, అంటే మట్టి పట్టించిన గుడ్డతో, మూసి, కింది నుంచి సెగ పెడతారు. పై కుండ మీద తడిగుడ్డ. పాదరసం ఆవిరై పైకి చేరుతుంది. సీసం 1,749 డిగ్రీల దగ్గర గానీ మరగదు, తగరం 2,600 డిగ్రీలకు పైన గానీ మరగదు. రెండూ రాగితో కింది కుండలోనే ఉండిపోతాయి. ఇది స్వచ్ఛమైన ఆవిరిపట్టు, అంటే ఆవిరి చేసి చల్లార్చి మళ్లీ పట్టుకునే పద్ధతి (డిస్టిలేషన్). సెగ ఎక్కువైతే పై గుడ్డ ఆరిపోయి ఆవిరి గడ్డకట్టదు, అతుకు నుంచి బయటికి పోతుంది. పని మొదలుపెట్టినప్పటి తూకానికీ ముగిసినప్పటి తూకానికీ ఉండే తేడాలో కొంత చేసినవాడి ఊపిరితిత్తుల్లోకీ గోడల్లోకీ పోయిందే. మింగిన ద్రవ పాదరసంలో ఒంటికి పట్టేది దాదాపు శూన్యం. పీల్చిన ఆవిరిలో సుమారు 80 శాతం రక్తంలో చేరుతుంది. రసశాలలో అందరికంటే ముందు దెబ్బతినేది రోగి కాదు, కొలిమి దగ్గర కూర్చున్న మనిషి.

ఇంగిలీకం నుంచి ఇంగిలీకానికి

రసవాదంలో అన్నిటికంటే ఆలోచింపజేసే వరుస ఇది. ఇంగిలీకాన్ని, అంటే హింగుళాన్ని, నిమ్మరసంతో నూరి ఆరబెట్టి డమరుయంత్రంలో, అంటే ఇలాగే మూతులు కలిపిన రెండు కుండల్లో, సెగ పెడితే పాదరసం వస్తుంది. ఇంగిలీకంలో బరువు లెక్కన 86 శాతం పాదరసం, 14 శాతం గంధకం. కనుక 100 గ్రాముల స్వచ్ఛమైన రాయి నుంచి 86 గ్రాములకు మించి రాదు. ఇలా తీసిన పాదరసానికి ఎనిమిది సంస్కారాలు అవసరం లేదని గ్రంథాలు మినహాయింపు ఇస్తాయి. సీసం, తగరం లేకుండా వచ్చింది కనుక ఆ మినహాయింపులో తర్కం ఉంది.

ఆ పాదరసాన్ని సమానమైన బరువు శుద్ధ గంధకంతో నీళ్లు తగలకుండా ఖల్వంలో నూరాలి. కాటుకలాంటి నల్లటి పొడి అయ్యేదాకా ఈ పని రోజుల తరబడి పడుతుంది. ఆ పొడి పేరు కజ్జలి. ఆగాల్సింది ఎప్పుడో గడియారం చెప్పదు. వేళ్ల గీతల్లో పొడి నిండిపోవాలి. ఎండలో పట్టుకుని చూస్తే ఒక్క మెరుపు చుక్క కూడా కనిపించకూడదు. కనిపించిందంటే విడి పాదరసం మిగిలే ఉంది, నూరుడు సాగాల్సిందే.

ఇక లెక్క. 100 గ్రాముల పాదరసంతో కలవడానికి కావాల్సిన గంధకం 16 గ్రాములే. 100 గ్రాములు వేశారంటే 84 గ్రాములు అదనం. షడ్గుణం, అంటే ఆరు రెట్లు వేస్తే 584 గ్రాములు అదనం. ఆ అదనమంతా తర్వాతి దశలో పొగగా బయటికి పోవాలి. కజ్జలి నుంచి చేసే ఎర్రటి మందు రససిందూరం. దాని తయారీలో కష్టమంతా ఇక్కడే.

గాజు కూపీకి, అంటే బుడ్డికి, ఏడు పొరల చీలమన్ను చుట్టి ఆరబెడతారు. కజ్జలిని మూడో వంతుకు మించి నింపరు, కరిగిన గంధకం పొంగుతుంది కనుక. కూపీని వాలుకాయంత్రంలో, అంటే ఇసుక నింపిన పాత్రలో, మెడ దాకా పాతిపెడతారు. ఇప్పటి మందుల తయారీ కేంద్రాల లెక్కలో మృదుసెగ సుమారు 250 డిగ్రీల దాకా, మధ్యమసెగ 450 దాకా, తీవ్రసెగ 600, 650 దాకా. గంధకం 115 డిగ్రీల దగ్గర కరుగుతుంది, 445 దగ్గర మరుగుతుంది. ఈ మూడు సెగల విభజన వెనక ఉన్నవి ఆ రెండు అంకెలే.

మధ్యమసెగలో పసుప్పచ్చని పొగ వస్తూ గంధకం కూపీ గొంతులో పేరుకుంటుంది. ఎర్రగా కాల్చిన ఇనుపకడ్డీతో ఎప్పటికప్పుడు గొంతు తెరవాలి. ఈ పనిలో ఏమరిస్తే గొంతు మూసుకుపోయి కూపీ పేలుతుంది. పొగ తగ్గాక మూతి మీద నీలిమంట కనిపించి ఆరిపోతుంది. లోపలికి చూస్తే అడుగు ఉదయసూర్యుడి ఎరుపులో ఉండాలి. మూతి మీద రాగినాణెం పట్టుకుంటే తెల్లటి పూత పడిందంటే పాదరసం బయటికి పోతోందని అర్థం, వెంటనే బిరడా బిగించాలి. ముందుగా బిగిస్తే మిగిలిన గంధకపు ఆవిరికి కూపీ పగులుతుంది, ఆలస్యంగా బిగిస్తే సరుకు గాలిపాలవుతుంది. బిగించాక తీవ్రసెగ. ఆ తర్వాత తనంతట తాను చల్లారే దాకా ముట్టుకోకూడదు. కిరోసిన్‌లో ముంచిన దారం కూపీకి చుట్టి అంటించి, వెంటనే తడిగుడ్డ చుడితే గాజు ఆ గీత వెంట విరుగుతుంది. గొంతులో గడ్డకట్టిన ఎర్రటి స్ఫటికాలే రససిందూరం. 100 గ్రాముల పాదరసానికి లెక్క ప్రకారం 116 గ్రాములకు మించదు. ఇంట్లో చేసి చూసే పని ఇది ముమ్మాటికీ కాదు: గంధకపు పొగా పాదరసపు ఆవిరీ ఒకేసారి వచ్చే చోట మూసిన గదీ మామూలు గుడ్డముసుగూ ప్రాణాంతకం.

ఇప్పుడు దీన్ని ఎక్స్‌రే కిరణాలతో పరిశీలిస్తే కజ్జలిలో కనిపించేది నల్ల రకం మెర్క్యూరిక్ సల్ఫైడు, అదనపు గంధకం. రససిందూరంలో కనిపించేది ఎర్ర రకం మెర్క్యూరిక్ సల్ఫైడు. అంటే ఇంగిలీకమే. రాయిగా మొదలై, లోహంగా విడివడి, నల్లగా మారి, మళ్లీ ఎర్రగా తన రూపానికే వచ్చింది. రసవాది దీన్ని చావు, పునర్జన్మ అన్నాడు. రసాయనశాస్త్రం దృష్టిలో ఇది మలినాలు వదిలించే ఒక పూర్తి చక్రం. గనిలోని రాయితో వచ్చిన సీసం, ఇతర ఖనిజాలు దారిలో వెనక్కి ఉండిపోయాయి. రెండు వర్ణనలూ ఒకే కూపీని చూసి రాసినవే.

బంగారం పరీక్ష ఎందుకు గెలిచినట్టు కనిపించింది

బంగారం పరమాణు సంఖ్య 79, పాదరసానిది 80. కొలిమి వేడి కేంద్రకాన్ని తాకలేదు, కనుక రాగి బంగారం కాలేదు. మరి శతవేధి, సహస్రవేధి అంటూ ఒక వంతు రసం వంద వంతుల, వెయ్యి వంతుల లోహాన్ని మార్చిందని ఎలా రాశారు? వేధ రకాలను చూస్తే సగం జవాబు దొరుకుతుంది. లేపవేధ అంటే లోహం మీద పూసి కాల్చడం. బంగారం కరిగిన పాదరసాన్ని రాగిరేకు మీద పూసి సెగ పెడితే పాదరసం పోయి బంగారపు పూత నిలుస్తుంది. గుడి కలశాలకు మెరుగు పెట్టిన పద్ధతి అదే. క్షేపవేధ అంటే కరిగిన లోహంలో వేయడం, అది మిశ్రలోహం చేయడమే. పూత పలుచనైనప్పుడు ఒక వంతు బంగారం చాలా విస్తీర్ణాన్ని కప్పుతుంది.

మిగతా సగం జవాబు రసకంలో ఉంది. జింకు ఉన్న ఆ ఖనిజంతో రాగిని మూడు పుటాలు పెడితే, అంటే మూడుసార్లు కాలిస్తే, బంగారమవడంలో వింతేముంది అంటుంది నాగార్జునుడి పేరున్న గ్రంథం. వచ్చింది ఇత్తడి. రంగు, మెరుపు దగ్గరగా ఉంటాయి. సాంద్రత మాత్రం బంగారానికి ఘన సెంటీమీటరుకు 19.3 గ్రాములు, ఇత్తడికి సుమారు 8.5. నత్రికామ్లంలో ఇత్తడి కరుగుతుంది, బంగారం కరగదు. హరితాళంలోని ఆర్సెనిక్ రాగిని తెల్లబరిచి వెండిలా చూపిస్తుంది. రంగునే లోహపు సారంగా లెక్కించిన చోట ఈ ఫలితాలు విజయాలే.

అయితే ఆ రసకమే రసవాదానికి నిజమైన విజయం తెచ్చింది. జింకు 907 డిగ్రీల దగ్గర మరుగుతుంది. ఖనిజాన్ని బొగ్గుతో కరిగించాలంటే అంతకంటే ఎక్కువ వేడి కావాలి. దాంతో లోహం పుట్టిన క్షణమే ఆవిరై, గాలి తగిలి తెల్లటి భస్మమైపోతుంది. దీనికి రసరత్నసముచ్చయం చూపిన పరిష్కారం వృంతాకమూష: వంకాయ ఆకారపు మూస, దానికి 12 అంగుళాల (ఇక్కడ అంగుళమంటే వేలి వెడల్పు) గొట్టం, ఉమ్మెత్తపువ్వులా విచ్చుకున్న మూతి. ఆవిరి గొట్టం గుండా దిగి, చల్లటి చోట గాలి తగలకుండా గడ్డకడుతుంది. రాజస్థాన్‌లోని జావర్ గనుల దగ్గర 1980లలో తవ్వినప్పుడు ఒక్కో కొలిమిలో 36 మూసలు తలకిందులుగా నిలిపిన ఏర్పాటు బయటపడింది. ఐరోపాలో బ్రిస్టల్‌లో విలియం చాంపియన్ జింకు ఆవిరిపట్టుకు పేటెంటు పొందింది 1738లో. బంగారం వెతుకులాటలో దొరికిన ఈ లోహానికి దక్కాల్సిన గౌరవం తెలుగు పాఠ్యపుస్తకాల్లో ఇంకా రావాల్సే ఉంది.

భస్మ పరీక్షలు, వాటి హద్దు

లోహభస్మాలకు పెట్టిన పరీక్షలు చూస్తే ఆనాటివారు ఎంత కచ్చితంగా ఆలోచించారో తెలుస్తుంది. వారితరం: చిటికెడు పొడి నిలకడ నీటి మీద తేలాలి, పొడి ఎంత మెత్తనిదో ఇది చెబుతుంది. అపునర్భవం: భస్మాన్ని నెయ్యి, తేనె, బెల్లం, గురివింద, వెలిగారంతో కలిపి మూసలో కాల్చాలి. బెల్లం, తేనె, నెయ్యి మాడి బొగ్గై ఆక్సైడు నుంచి లోహాన్ని వెనక్కి లాగుతాయి, వెలిగారం కరిగి లోహపు చుక్కల్ని ఒకచోట చేరుస్తుంది. అంత చేసినా లోహం తిరిగి రాకూడదు. నిరుత్థం: వెండిరేకుతో కాల్చి తూచాలి, వెండి బరువు పెరిగిందంటే భస్మంలో విడి లోహం ఉంది. తామ్రభస్మాన్ని పుల్లటి పెరుగులో వేస్తే పచ్చబారకూడదు. పచ్చబడితే కరిగే రాగి మిగిలే ఉంది, తిన్నవాడికి వాంతులే.

ఈ పరీక్షలన్నీ ఒకే ప్రశ్న అడుగుతున్నాయి: లోహం లోహంగా మిగిలి ఉందా? అది మంచి ప్రశ్న. దేహం అడిగే ప్రశ్న వేరు: ఇది కడుపులో ఎంత కరుగుతుంది, మూత్రపిండాల్లో, మెదడులో ఎంత నిలుస్తుంది? "యథా లోహే తథా దేహే" అన్న సమీకరణం తప్పిన చోటు ఇదే. సీసం భస్మమై, నీటి మీద తేలి, అపునర్భవ పరీక్ష నెగ్గినా, జఠరామ్లంలో కరిగితే అది సీసవిషమే. మెర్క్యూరిక్ సల్ఫైడు నీటిలో దాదాపు కరగదు కనుక ఒంటికి పట్టేది తక్కువ; రసకర్పూరంలాంటి క్లోరైడు లవణాల సంగతి అలా కాదు. కూపీలో ఒక గంట తప్పి విడి పాదరసం మిగిలితే అదే మందు పేరుతో మరో పదార్థం రోగికి చేరుతుంది. 2008లో అమెరికా వైద్యసంఘ పత్రిక ప్రచురించిన అధ్యయనంలో ఇంటర్నెట్‌లో అమ్మే 193 ఆయుర్వేద మందుల్ని పరీక్షిస్తే సుమారు ఐదో వంతులో సీసం, పాదరసం లేదా ఆర్సెనిక్ కనిపించాయి. రసౌషధాలు కాని మామూలు మూలికా మందుల్లోనూ కొన్నిట్లో ఉన్నాయి.

బజారులో దొరికే పాదరస లింగాల విషయమూ ఇంతే. పాదరసం గడ్డకట్టేది మైనస్ 39 డిగ్రీల దగ్గర. గది వేడిమిలో గట్టిగా నిలిచిందంటే అందులో తగరమో సీసమో వెండో మరో పదార్థమో కలిసి ఉంది. పుల్లటి పెరుగు, తేనె, పాలతో అభిషేకం చేసి ఆ తీర్థం తాగడం, ముఖ్యంగా గర్భిణులూ పిల్లలూ తాగడం మానుకోవాలి. పూజించాలనుకునేవారు తాకకుండా, తీర్థం తీసుకోకుండా పూజించుకోవచ్చు.

మన దేశంలో రసౌషధాలు 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం కిందకు వస్తాయి. పాదరసం, ఆర్సెనిక్ వంటి విషద్రవ్యాల పట్టిక షెడ్యూల్ ఇ(1). ఆ పట్టికలోని ద్రవ్యం ఉన్న లోపలికి తీసుకునే మందు డబ్బా మీద వైద్యుడి పర్యవేక్షణలో మాత్రమే వాడాలన్న హెచ్చరిక ఇంగ్లీషులోనూ హిందీలోనూ ఉండాలి. రససిందూరం, మకరధ్వజం, ఏ పేరైనా సరే, ఆ హెచ్చరికా బ్యాచ్ నంబరూ తయారీ లైసెన్సు నంబరూ లేని పొట్లాన్ని తీసుకోకూడదు. వాడుతున్నవారు ఆ సంగతి తమ డాక్టరుకు చెప్పి, మూత్రపిండాల పరీక్ష, రక్తంలో సీసం, పాదరసం పరీక్ష చేయించుకోవాలి.